చెయ్యి పట్టుకునే నారింజ

1995 అక్టోబరు ఆరు, శుక్రవారం. పొద్దున సన్నగా తుంపర పడింది. మధ్యాహ్నానికి ఆగింది. సాయంత్రానికి గాలి స్తంభించి మంచు కమ్మేసింది. ఆ రాత్రే మా చిన్న బావమరిది కంచె దాటి పాత నర్సరీలోకి వెళ్ళాడు. వాడు చెప్పిందే మీకు చెబుతున్నాను.

ఆ నర్సరీకి చెడ్డపేరు. కొన్నేళ్ళ కిందట దగ్గర్లోని అణు విద్యుత్ కేంద్రం పేలినప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ చేయించి కంచె వేశారు. లోపల షెడ్డు వెనక నారింజ చెట్టు కింద ఎవరో నిలబడి ఉంటారనీ, చీకట్లో వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుంటారనీ ఆ 1995లోనే పుకారు లేచింది. ఆ చేతికి వేళ్ళు మరీ ఎక్కువట... కాపలావాళ్ళు కూడా అటు తిరగడం మానేశారు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణి, దెయ్యాల్ని నమ్మను. మా మాస్టారొకాయన ఏ ఆకు కనిపించినా నమిలి చూసేవాడు — సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు.

నర్సరీ మా మామగారిది. ఊరు వదిలాక పట్నం శివార్లలో కొత్తది పెట్టినా, ఆయన ప్రాణమంతా ఆ పాత నారింజ మీదే. పోయేముందు కొడుకులిద్దర్నీ పిలిచాడు.

"ఆ చెట్టు అంటు ఎవడు బతికిస్తాడో కొత్త నర్సరీ వాడిది. రెండోవాడికి పూచికపుల్ల కూడా లేదు."

అన్నదమ్ములకి అప్పటికే ఒకరి పొడ ఒకరికి గిట్టదు. పెద్దోడు అనుమతి తీసుకుని పగలు వెళ్ళాడు. ఒట్టి చేతులతో వచ్చాడు.

"అటు పోకురా. నాన్న ఉన్నాడక్కడ," అన్నాడు తమ్ముడితో.

"నన్ను బెదిరించి నర్సరీ కాజేద్దామనా?" అని చిన్నోడు వాడి మొహమ్మీదే తలుపేశాడు.

అంటుకి పుల్ల చీకట్లో కోయడం ఆ ఇంటి పద్ధతి. ఎండ తగలని పుల్లలో పస నిలుస్తుందని మామగారి నమ్మకం. దీపం పెట్టకూడదు. ఆకు మొదట్లో ఉండే కన్నుని బొటనవేలితో తడిమి ఎంచాలి. తర్వాత ఆ కన్నుని చెక్కి వేరే మొక్కకి కడతారు.

చిన్నోడు అలాగే వెళ్ళాడు. షెడ్డులో చివికిన గోనెసంచుల వాసన. కాలికింద కుండీ పెంకులు పటపటమన్నాయి. ఒక్క కీచురాయి కూడా అరవడం లేదు... మొహానికి సాలెగూడు తగిలింది. మామూలు గూడులా లేదు, చిక్కుపడిన దారపుండలా ఉంది.

షెడ్డు దాటాడు. చెయ్యి చాచాడు.

ఆకు తగల్లేదు. అరచెయ్యి తగిలింది.

చల్లగా, బల్లపరుపుగా, వెడల్పుగా. చివర వేళ్ళు — ఐదు కాదు, ఇంకా ఉన్నాయి. వెనక్కి లాక్కుంటే చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇంకా లాగితే మణికట్టులో గోరు దిగింది.

"నాన్నా..." అన్నాడట గుసగుసగా.



కత్తి తీసి ఒక్క వేటు వేశాడు. ఆ చెయ్యి తెగి వీడి చేతిలోకే వచ్చింది. దాన్ని వదలాలన్న తెలివి కూడా లేక, పట్టుకునే పరుగెత్తాడు.

తెల్లారకముందే మా తలుపు తట్టాడు. దీపం వెలుగులో చూస్తే అది కొమ్మ. చెయ్యి కాదు. విడివిడిగా పెరగాల్సిన రెమ్మలన్నీ అతుక్కుపోయి పలకలా అయ్యాయి. చివర మాత్రం వేళ్ళలా చీలాయి. గోరనుకున్నది ముల్లు. ఆకులు పాలిపోయి తెల్లగా ఉన్నాయి.

"రేడియేషన్ ఆ చెట్టు జన్యువుల్నే మార్చేసినట్టుందిరా. దీన్ని పొయ్యిలో పడెయ్," అన్నాను.

వాడప్పటికే కొమ్మ మొదట్లో బొటనవేలు పెట్టి తడుముతున్నాడు. "కొస చెడింది బావా, మొదలు బాగుంది. ఈ కన్ను చూడు, ఎంత నిండుగా ఉందో!"

"ఆ కన్నులోనూ అవే జన్యువులుంటాయి."

"నువ్వు చదివావు. నేను అంట్లు కట్టాను. ఊరుకో."

"ఒరే, బావ చెప్పేది విను," అని మా ఆవిడ కూడా మొత్తుకుంది. వింటేగా!

అంటు పట్టింది. మొదట మామూలు ఆకులే వేసింది. నర్సరీ వాడిపేర రాశారు. వాడు ఆ మొక్క నుంచి మళ్ళీ కన్నులు తీసి ఎన్నో మొక్కలకి కట్టాడు. చుట్టుపక్కల తోటలవాళ్ళు ఎగబడి కొన్నారు.

రెండో ఏడు చిగుళ్ళు పలకలయ్యాయి. వరసలు వరసలుగా అరచేతులు... నర్సరీ నిండా, చుట్టుపక్కల తోటల నిండా.

ఒక సాయంత్రం పెద్దోడు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏం, ఏడవడానికొచ్చావా?" అన్నాడు చిన్నోడు. "నీ దెయ్యం నన్నేం చేసింది?"

"అక్కడ దెయ్యం లేదురా. ఆ పుకారు పుట్టించింది నేనే." అన్నాడు పెద్దోడు. "పగలు వెళ్ళి ఆ కొమ్మలు చూశాను. ఎవడూ పుల్ల కోయకూడదని పుట్టించాను."

"మరి ఆ ముక్క నాకు చెప్పి చావచ్చుగా!"

"నేను చెబితే నమ్మేవాడివా?"

 

నర్సరీ చిన్నోడికి వచ్చింది. పట్నంలో మామగారి ఇల్లు మా ఆవిడకి వచ్చింది. పెద్దోడికి ఏమీ రాలేదు.