చప్పుడు ఆగితే ఆపాలి

కాస్త ముందుకు జరిగి కూర్చోండి, వెనకవాళ్లకి కూడా వినపడాలి. నాది మెత్తటి గొంతు. ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్నా పెరగలేదు.

నేను సిటీ బస్సు డ్రైవర్ని. మీరు రోజూ ఎక్కే బస్సే. మీకది ఒక నంబరు, దొరికితే కిటికీ పక్క సీటు, ఆలస్యమైతే నాలుగు తిట్లు. మాకు మాత్రం అదొక పెద్ద గడియారం. డిపో గోడ మీద డ్యూటీ చార్టు అంటిస్తారు: ఏ బండి, ఏ రూటు, ఎవరితో. మా పధ్నాలుగో నంబరు రూట్లో పదిహేను నిమిషాలకొక బండి. ఒకటి వెనకబడిందా, దాని నిండా జనం, దాని వెనకొచ్చేది ఖాళీ. ఆ చివర టెర్మినల్లో నాలుగు నిమిషాలు ఆగి, టైం కీపర్ దగ్గర సంతకం పెట్టి, మళ్లీ ఈ చివరకి రావాలి. అంతే మా బతుకు.

సీట్లో కూర్చోగానే స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి, "స్వామీ, తొక్కే కాలు నాది, ఎక్కినవాళ్లని క్షేమంగా దింపే భారం నీది" అనుకుంటాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఆ రోజు కూడా మానలేదు.

అసలు గొడవంతా ఆ చివర టెర్మినల్లోనే. రోడ్డు అక్కడితో ఆఖరు. ఒక పక్క గిడ్డంగి, ఇంకో పక్క మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ, మధ్యలో ఒక సందు. బండిని ఆ సందులోకి వెనక్కి పెడితే తప్ప ముఖం ఊరివైపు తిరగదు. ఆ సందు కట్టినప్పటి బండ్లు పొట్టివి. తరవాత బండ్లు మూడడుగులు పెరిగాయి, సందు పెరగలేదు. వెనక గోడకి రెండు మూరల దూరంలో ఆపాలి. ముందే ఆపితే ముక్కు రోడ్డు మీద ఉండిపోయి తరవాతి బండికి అడ్డం.

డ్రైవరుకి ఆ గోడ కనపడదు. అందుకని కండక్టరు దిగి వెనక్కి వెళ్లి, బండి రేకు మీద అరచేత్తో కొడుతూ ఉంటాడు. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ రావాలి. చప్పుడు ఆగితే ఆపాలి. ఎందుకలా అంటే, ఇంజను హోరులో అరుపు వినపడకపోవచ్చు. కండక్టరు కాలు జారి పడిపోయినా, నోట మాట రాకపోయినా, చప్పుడు ఆగుతుంది. బండీ ఆగుతుంది. మా పెద్దలు బాగా ఆలోచించి పెట్టిన పద్ధతే.

నా కండక్టరు నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. డిపోలో అందరూ వాణ్ణి మైకు అనేవారు, నోరు అంత పెద్దది. ఏడేళ్లు ఇద్దరం ఒకే బండి.

"బావా, సైకిలు మీద ముసలాయన మనల్ని దాటిపోయాడు. సిగ్గుగా లేదూ?" అని బస్సు నిండా జనం ఉండగా వెనక నుంచి అరిచేవాడు.

"నోరు మూసుకుని టికెట్లు కొట్టరా."

"నోరు మూస్తే నా పేరు మారిపోదూ! అమ్మా, మీరే చెప్పండి. మా అక్క ఈయన్ని ఏం చూసి చేసుకుందంటారు?"

బస్సంతా నవ్వేది. నేను అద్దంలో వాణ్ణి చూసి కళ్లెర్రజేసేవాణ్ణి. నవ్వు దాచుకోవడానికి.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో, సాయంత్రం ఆరూ నలభైకి, వాడు గొడుగు తీసుకుని ఆ సందులో దిగాడు. "రా బావా, మెల్లగా" అన్నాడు. తరవాత చప్పుడు. టప్... టప్... టప్‌టప్. అదీ వాడి పద్ధతి, రెండు విడిగా, రెండు జంటగా. పైన వాన రేకు మీద దంచుతోంది. నేను అద్దం దించి చెవి బయటపెట్టి, ఆ చప్పుడునే పట్టుకుని వెనక్కి వచ్చాను. టప్... టప్... టప్‌టప్. బండి ఏదో మెత్తటిదానికి ఆనినట్టయింది. అప్పటికీ చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది.

దిగి వెళ్లేసరికి గోడకీ బండికీ మధ్య వాడున్నాడు.

విచారణలో ఆఫీసరు ఒక్కటే అడిగాడు. "చప్పుడు ఆగిందా, లేదా?"

"ఆగలేదండీ."

"ప్రమాణం చేస్తారా?"

చేశాను. దేవుడి పేరు మీద. కండక్టరు అజాగ్రత్త అని ఫైల్లో రాసుకున్నారు. మా ఆవిడ కూడా ఒక్కసారే అడిగింది, వంటింట్లో అటు తిరిగి నిలబడి. "ఆగిందా?" అని. "ఆగలేదు" అన్నాను. మళ్లీ అడగలేదు.

నిజం చెప్పమంటారా? నాకు తెలియదు. వాన చప్పుడునే వాడి చెయ్యి అనుకున్నానేమో. వాడు ఎప్పుడో ఆపేస్తే నేనే వినలేదేమో. అదే నిజమైతే వాణ్ణి చంపింది నేను. పైగా తప్పు చచ్చినవాడి నెత్తిన పెట్టి, దేవుణ్ణి సాక్ష్యానికి పిలిచాను. ఆ తరవాత ప్రార్థనకి కూర్చుంటే మాటలు వచ్చేవి, అటు వినేవాడు లేచి వెళ్లిపోయినట్టు ఉండేది. ఏ దారినైనా సరే, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలనుకునేవాణ్ణి.

డిపోలో కొత్త ఆర్డరు వేశారు. చేత్తో కొట్టడం బంద్, విజిలే వాడాలి. పొట్టిగా ఊదితే రావాలి, పొడుగ్గా ఊదితే ఆపాలి. నన్ను ఏడాదిపాటు వేరే రూట్లో వేశారు. మళ్లీ ఈ వానాకాలం, మనుషులు తక్కువై, చార్టులో నా పేరు పక్కన పధ్నాలుగు అని పడింది. కండక్టరు కొత్తమ్మాయి. చలాకీ మనిషి.

"అన్నా, ఈ విజిలు ఇంటికి తీసుకెళ్లి మా ఆయన మీద వాడొచ్చా?" అంది మొదటి ట్రిప్పులోనే.

నాకు నవ్వొచ్చింది. ఏడాది తరవాత ఆ బండిలో నవ్వొచ్చినందుకు వెంటనే ఏడుపూ వచ్చింది.

పొద్దుటి నుంచి నాలుగు ట్రిప్పులు బాగానే గడిచాయి. నా డ్యూటీలో చివరి ట్రిప్పుకి వాన పట్టుకుంది. టెర్మినల్ చేరేసరికి కరెంటు లేదు. టైం కీపర్ గదిలో చిన్న దీపం ఒక్కటే. ఆఖరి ప్రయాణికుడు దిగి పరుగెత్తాడు. తడిసిన సీట్ల వాసన, వేడెక్కిన బ్రేకుల వాసన. సందులోకి చూస్తే నోరు తెరిచినట్టు చీకటి. గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. ఆరూ నలభై.

అమ్మాయి దిగింది. పొట్టి విజిల్. వచ్చాను. పొట్టి విజిల్. వచ్చాను. పొడుగు విజిల్. ఆపాను. న్యూట్రల్ చేసి, ఊపిరి వదిలాను.

ఆ నేల కొంచెం వాలు. బండి ఆగాక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి. అది వెనక గోడ మూలన పడుంటుంది. అమ్మాయి దానికోసం బండి వెనక్కి వెళ్లింది. నేను చూడలేదు. నాకు తెలియదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే...

టప్.

టప్.

టప్‌టప్.

అద్దం దించాను. వాన మొహం మీద కొట్టింది. వానకి వాన చప్పుడు ఉంది. దాని వెనకాల, విడిగా, స్పష్టంగా... టప్... టప్... టప్‌టప్.

"ఎవరు?" అన్నాను. "మైకూ... నువ్వేనా రా?"

టప్‌టప్.

నాకు భయం వేయలేదు. నమ్మండి. ఏడాదిగా గుండెలో గడ్డకట్టినదేదో కరిగి కళ్లలోంచి కారింది. "వచ్చావా రా" అన్నాను. "నీ మీద చెప్పాను రా. అందరి ముందూ చెప్పాను. అక్క అడిగితే కూడా..."

టప్... టప్... టప్‌టప్.

"ఆ రోజు ఆపావా? ఒక్కసారి ఆపి చూపించు. నాకు అర్థమవుతుంది. ఆపరా!"

ఆగలేదు. ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా. రా... రా... రా. అంటే ఆ రోజు కూడా ఆపలేదన్నమాట. నేను అబద్ధం చెప్పలేదన్నమాట. తేలికపడ్డాను. దేవుడు నన్ను క్షమించాలి, తేలికపడ్డాను! వాడు పిలుస్తున్నాడు. ఇంకో రెండడుగులు వెళితే వాడు నిలబడ్డ చోటు. వెళ్లాలనిపించింది. రివర్స్ గేరు వేశాను. కాలు ఆనించాను.

బండి కదల్లేదు.

ఇంకా తొక్కాను. ఇంజను అరిచింది. క్లచ్ మాడిన వాసన. బండి మొత్తం ఊగుతోంది, వణుకుతోంది, అంగుళం కదలట్లేదు. ఎవరో ఎదురు నిలబడి తోస్తున్నట్టు. ఆ వణుకు స్టీరింగులోంచి నా చేతుల్లోకి వచ్చింది. మనిషి ఓపికంతా పెడితే వచ్చే వణుకు అది.

ఇంజను ఆగిపోయింది.

చప్పుడు మాత్రం ఆగలేదు. టప్... ఇప్పుడు వెనక కాదు. టప్... మధ్య తలుపు దగ్గర. టప్... నా సీటు వెనక రేకు మీద. నెమ్మదిగా. తీరిగ్గా. నోట్లో దేవుడి పేరు తిరగట్లేదు...

పొడుగ్గా విజిల్. ఆగకుండా విజిల్.

చప్పుడు పోయింది. బండి వెనక నుంచి, గోడని రాసుకుంటూ అమ్మాయి బయటికొచ్చింది. గొడుగు లేదు. వీపంతా గోడ సున్నం.

"అన్నా..." పళ్లు కొట్టుకుంటున్నాయి. "నేను వెనకే ఉన్నాను కదన్నా. రివర్స్ ఎందుకేశావ్? ఊదుతూనే ఉన్నాను. నా ముందు ఒక్క మూర..."

"చప్పుడు విన్నావా?" అన్నాను.

"ఏం చప్పుడు?"

క్లచ్ పోయిందని టైం కీపర్‌కి చెప్పాం. అమ్మాయి నా మీద ఇంకేమీ చెప్పలేదు, తల్లి. డిపో బండి వచ్చి మా బస్సుని సందులోంచి బయటికి లాగి, మమ్మల్ని తీసుకెళ్లింది.

ఇంటికి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. మా ఆవిడ తువ్వాలు ఇచ్చింది. నేను తల తుడుచుకోలేదు. వంటింటి గుమ్మంలోనే కూర్చుని మొత్తం చెప్పాను. "వాడు వచ్చాడే. వాడే. ఆ రోజు నిజంగానే ఆపలేదు. ఇవాళ కూడా ఆపలేదు. నేను ప్రమాణం చేసింది తప్పు కాదు."

ఆమె పొయ్యి ఆర్పింది. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆసుపత్రిలో వాడి ఒళ్లు తుడిచింది నేను. గుర్తుందా మీకు?"

"ఊఁ."

"కొట్టేవాడు ఒక చేత్తో కొడతాడు. ఇంకో చేత్తో గొడుగు పట్టుకుంటాడు. వాడి రెండు అరచేతుల నిండా బస్సు వెనకాల పట్టే మసి. పది వేళ్ల సందుల్లో కూడా. సబ్బుతో రుద్దినా పోలేదు." రెండు చేతులూ ఎత్తి గాలికి ఆనించి చూపించింది. "ఇలా పెట్టాడండీ. తోశాడు. బస్సుని తోశాడు, పిచ్చివెధవ."

నేను ఆ చేతులు పట్టుకుని కిందకి దించాను.

"ఏడాది నుంచి తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు బతుకుతారా? ఇద్దర్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు." పైట కొంగుతో నా తల తుడవడం మొదలుపెట్టింది, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. "అబద్ధం చెప్పారని అనుకోలేదు. దేవుడి మీద ఒట్టేసి మీరు అబద్ధం ఆడరు. విన్నానన్నారంటే వినే ఉంటారు. అందుకే నాకు నిద్ర పట్టేది కాదు."

ఆమె చెయ్యి నా తల మీదే ఆగింది.

"వాడు రెండు చేతులతోనూ తోస్తుంటే... మీకు కొట్టి చెప్పిందెవరు?"

గోడ మీద గడియారం చూశాను. ఎనిమిదీ యాభై అయిదు. పదిహేను నిమిషాలకొక బండి. టెర్మినల్ నంబరు చెప్పాను, ఆమె నొక్కి ఫోను నా చెవికి ఆనించింది. చాలాసేపు మోగాక టైం కీపర్ ఎత్తాడు.

"సందులో ఏ బండినీ పెట్టనివ్వకండి! వినపడుతోందా? ఆపండి!"

"కాస్త గట్టిగా చెప్పండి గురువుగారూ," అన్నాడు, విసుగ్గా. "బండి వెనక్కి వస్తోంది. విజిల్ ఊదమని ఎన్నిసార్లు చెప్పినా వినరు ఈ కండక్టర్లు. ఆ టపటపల్లో మీ మాట ఒక్కటీ వినపడట్లేదు."