పద్దెనిమిది కిలోల పాటపెట్టె

ఆదివారం. సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. చెన్నూరు.

జలపతిరావు పాటల గది తలుపు తీశాడు. లైటు వేశాడు. బల్ల ఖాళీగా ఉంది.

డిస్క్ ప్లేయర్ లేదు.

వెనక నిలబడ్డ సదానందం కూడా చూశాడు. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆరింటికి ఇద్దరూ ఆ గదిలో కూర్చుంటారు. జలపతిరావు భూమి ఉన్నవాడు. సదానందం మందమర్రి బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాడు.

ఏడింటికి ఎస్సై రచన వచ్చింది.

"ఎంత బరువుంటది?"

"పద్దెనిమిది కిలోలు" అన్నాడు జలపతిరావు.

"పాటల డబ్బాకా? ఫోన్ల వస్తలేవా పాటలు?"

సదానందం మొహం చిట్లించాడు.

"ఫోన్ల వచ్చేది పాట కాదు మేడం, పాట వాసన. దీంట్ల రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకటి డిస్కు తిప్పే మోటరుకు, ఒకటి ఉత్త పాటకే. దీని లొల్లి దానికి తాకొద్దని నడుమ రాగి రేకు గోడ. అడుగున మందం ఇనుప పలక. డిస్కు తిరుగంగ పైన చెయ్యి పెట్టుండ్రి, వణుకు తెల్వది. తబలా మీదికెల్లి వేలు లేపిన సప్పుడు గూడ ఇనిపిస్తది."

"ఇప్పుడైతే ఏం ఇనిపిస్తలేదు" అంది రచన.

ఆమె గోడ దగ్గర వంగింది. ప్లేయర్ కేబుల్‌కు ప్లగ్గు లేదు. కరెంటు శుభ్రంగా రావాలని సదానందమే మీటరు నుంచి వేరే లైను లాగి, గోడలోని డబ్బాకు నేరుగా బిగించాడు. ఇప్పుడు ఆ డబ్బా తెరిచి ఉంది. కేబుల్‌ను ఎవరూ కోయలేదు. మరలు విప్పి తీశారు. గోడలో మిగిలిన వైర్ల కొసలకు టేపు చుట్టి ఉంది.

బల్ల కింద ఖాళీ అగ్గిపెట్టె.

"దీంట్ల ఏముండె?"

"మూడు మరలు" అన్నాడు జలపతిరావు. "లేజరు సన్నటి బండి మీద నడుస్తది. మిషన్ కదపాలంటే అడుగునుంచి ఆ మరలు బిగించాలె. లేకుంటే బండి కొట్టుకోని లేజరు కరాబైతది."

"అంటే దొంగ బిగించే తీస్కపోయిండు."

రచన ఇంటి వెనక్కి నడిచింది.

వెనక వరండాలో ఫ్యూజుల బోర్డు. మూడు పింగాణీ ఫ్యూజులు ఉండాలి. రెండే ఉన్నాయి. పాటల లైనుది లేదు. బోర్డు కింద, మురుగు మోరీలో, గోడ అవతల వెతికించింది. దొరకలేదు.

జలపతిరావు భార్య లీలాబాయిని అడిగింది.

"నాలుగు నుంచి అయిదున్నర దాంక టీవీ ముందర్నే ఉన్న. ఆయన చేను కాడికి పోయిండు. టీవీ ఆగలే. ఫ్యాన్ ఆగలే. నాకేం తెల్వదు బిడ్డా."

"ఎవరి మీదనన్న అనుమానమా?"

జలపతిరావు తల అడ్డంగా ఊపాడు. సదానందం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పోయిన నెల లెన్సు తుడిసింది సాల్మన్. మరల సంగతి వానికి ఎరుక. మంచోడే. కని జర నజర్ పెట్టుండ్రి మేడం."

సాల్మన్‌కు బస్టాండ్ దగ్గర టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. చర్చిలో మైకులు పెట్టేదీ అతనే. సోమవారం పదకొండింటికి స్టేషన్‌కు తెచ్చారు.

"ఆదివారం నాలుగింటికి ఎక్కడున్నవ్?"

"దుకాణంల."

"ఆదివారమా?"

"ప్రార్థన అయినంక తీసిన."

"చూసినోళ్లు?"

"గిరాకి రాలే. ఎవ్వరు చూడలే."

"మరల సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. జలపతి సారుకు. మా ఉస్తాద్ సదానందంకు. నాకు పని నేర్పింది ఆయనే."

"ఆయనే నీ పేరు చెప్పిండు."

సాల్మన్ తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఆయన అట్ల చెప్పడు మేడం."

బయట అతని భార్య ఎలీసబెతు అన్నం డబ్బా పట్టుకుని నిలబడింది.

"రేపు కోర్టుకు పంపుతరట గద. పంపితే ఇగ ఆయనను ఎవ్వరు ఇంట్లకు రానియ్యరు. ఇంట్లకు రానియ్యకుంటే మెకానిక్‌కు పనేడిది మేడం?"

రచన డబ్బా తీసుకుని లోపలికి పంపింది. రేపు పదకొండింటిలోపు కోర్టులో హాజరుపరచాలి. సాల్మన్ ఇల్లు, దుకాణం వెతికారు. ఏమీ లేదు.

ఒక్క సంగతి ఆమెను వదలలేదు. పక్క గదిలో వెండి కుందులు ముట్టుకోనివాడు పింగాణీ ఫ్యూజు ఎందుకు తీసుకుపోయాడు?

మంగళవారం. ఉదయం ఎనిమిదిన్నర.

పాటల గదిలో జలపతిరావు, సదానందం, స్టేషన్ నుంచి తెచ్చిన సాల్మన్. రచన చెమట తుడుచుకుంది.

"ఫ్యాన్ తిరుగుతలేదు. సాల్మన్, జర చూడు."

సాల్మన్ వరండాలోకి వెళ్లి ఫ్యాన్ లైను ఫ్యూజు తీశాడు. బోర్డు మీద పెట్టాడు. వచ్చి స్టూలు ఎక్కాడు.

"వైరు ఊడింది మేడం."

"ఉండనియ్. దిగి ఫ్యూజు పెట్టెయ్. సదానందం గారు, మీరు చూడుండ్రి."

సదానందం నవ్వాడు. "వైరు ఊడిందని వాడు చెప్పె గద."

"మీరు చూడుండ్రి."

అతను వరండాలోకి వెళ్లాడు. వచ్చాడు. స్టూలు మీద కాలు పెట్టాడు.

"ఫ్యూజు ఏది?" అంది రచన.

సదానందం చెయ్యి అంగీ జేబు మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

"తీసి బల్ల మీద పెట్టుండ్రి."

పెట్టాడు. పింగాణీ ఫ్యూజు బల్లకు తగిలి చప్పుడైంది.

"ఫ్యాన్ వైరు నేనే ఊడదీయించిన. మామూలు దొంగ కేబుల్ కోస్తడు. పని తెలిసినోడు ఫ్యూజు తీస్తడు. మెయిన్ బంద్ చేస్తే టీవీ ఆగి లీలాబాయమ్మ లేచొస్తది, అందుకని ఒక్క లైనుదే తీస్తడు. తీసి బోర్డు మీద పెడ్తడు, సాల్మన్ లెక్క. జేబుల వేసుకునేది బాయిల చేసినోడే. పైన ఇంకొకడు తెల్వక ఫ్యూజు పెడితే కింద మనిషి పోతడు. మా బాపు బాయిల ఫిట్టరు. ఇంట్ల బల్బు మార్చినా ఫ్యూజు జేబుల్నే. అన్నం తినంగ బయటపడేది. ఆదివారంది ఎక్కడుంది?"

"ఇంట్ల. మేకుకు తగిలేసిన అంగీల." సదానందం గొంతు తగ్గింది. "మిషన్ ఇక్కడ్నే ఉన్నది. వెనక పత్తి రూంల, పత్తి కింద. చద్దరు చుట్టి పెట్టిన."

జలపతిరావు కుర్చీలోంచి లేచాడు.

"సదానందం... అడిగితే ఇయ్యకపోదునా?"

"అడిగేదేముంది సారు. నా తర్వాత నీదే అంటిరి. రెండుసార్లు అంటిరి. మొన్న మీ అన్న కొడుకు అమిత్‌కు ఇస్తున్న, సోమవారం కరీంనగర్ నుంచి కారు వస్తది, ప్యాక్ చేసి పెట్టు అంటిరి. ప్యాక్ చేసుడు నా పని గద. చేసిన."

జలపతిరావు తల వంచుకున్నాడు. రెండుసార్లు అన్న మాట నిజమే.

సాల్మన్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మిషన్ సంగతి మీరు మీరు చూసుకోండ్రి" అన్నాడు. "నా పేరెందుకు చెప్పినవ్ ఉస్తాద్?"

సదానందం కిటికీ వైపు చూశాడు.

"మరల సంగతి తెలిసింది ముగ్గురికే. సారు పేరు చెప్పలేను. నా పేరు..."

"టేపు చుట్టుడు నేర్పినవ్. సోల్డర్ నేర్పినవ్. ఫ్యూజు జేబుల వేసుకునుడు ఎందుకు నేర్పలే?"

"నువ్వు బాయిల దిగలే గద బిడ్డా. పైన నీ మనుషులే ఉంటరు. తెల్వక ఫ్యూజు ఎవరు పెడ్తరు అనుకున్న."

రచన గడియారం చూసింది. తొమ్మిది గంటల ఐదు నిమిషాలు.

"సాల్మన్, నువ్వు పోవచ్చు. ఎలీసబెతు బయట ఉన్నది."

సాల్మన్ తల పైకెత్తి ఆగిన ఫ్యాన్‌ను చూశాడు.

"వైరు పెట్టిపోత మేడం. మొదలుపెట్టిన పని."

బల్ల మీది ఫ్యూజు తీసుకున్నాడు. బోర్డు వైపు పోలేదు. ఉస్తాద్ కళ్లముందే దాన్ని అంగీ జేబులో వేసుకుని, స్టూలు ఎక్కాడు.