ఉతకని కర్టెన్

కర్టెన్లు, దుప్పట్ల డిజైన్ స్టూడియోలో పూలు గీసే ఆర్టిస్టు సోమవారం పొద్దున కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. బ్రష్‌కున్న గులాబీ రంగు ఇంకా ఆరలేదు. మెడ మీద సూది గుచ్చిన చుక్క. బుధవారానికల్లా అదే కుర్చీలో కొత్త ఆర్టిస్టుగా ఏజెంట్ నైన్ కూర్చున్నాడు, మీసం తీసేసి, కళ్ళద్దాలు పెట్టుకుని. చచ్చినవాడి కుర్చీ కదా, ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు.

అంతకుముందు రోజు చీఫ్ బ్రీఫింగ్ ఎప్పట్లాగే మూడు నిమిషాల్లో ముగిసింది.

"వాల్‌పేపర్, కర్టెన్, దుప్పటి, దిండు గలీబులు. కలెక్షన్ మొత్తానికీ ఒకటే పూలతీగ. గోడ మీది రేకుల ఈనెల్లో అంకెలున్నాయి. అవి గీయించుకుని ఆర్టిస్టు నోరు మూసేశారు. కర్టెన్ పల్చటి కాటన్, దాని మీద పుప్పొడి చుక్కలు. కర్టెన్ గోడ మీదికి లాగితే, చుక్క కింద పడ్డ అంకెలే చదవాలి. శుక్రవారం నాలుగింటికి విదేశీ బయ్యర్ వేషంలో ముఠా మనిషి వచ్చి ఫోటో తీసుకుంటాడు."

"ఏం అంకెలు సార్?"

"మనవాళ్ళు ఏడుగురు దాక్కున్న వీధులు, ఇంటి నంబర్లు. ఐదోది మీ తమ్ముడిది."

"కర్టెన్ తగలబెట్టేస్తే?"

"ఇంకోటి కుడతారు. వాడు తప్పు అడ్రసులు పట్టుకుని సంతోషంగా వెళ్ళాలి." చీఫ్ ఒక ఇస్త్రీ పెట్టె ముందుకు తోశాడు. "పిడిలో కెమెరా, ముక్కులో పిస్టల్. ఆవిరి కూడా వస్తుందిలే."

తమ్ముడితో మాట్లాడి ఆరేళ్ళయింది. వాడి ముఖం గుర్తుచేసుకోబోతే పాత ఫోటో ఒకటి గుర్తొచ్చింది. ఈ ఉద్యోగంలో గుండె ఎప్పుడో మొద్దుబారింది.

కలెక్షన్ హెడ్‌ని అందరూ మేడమ్ అనే పిలుస్తారు. ఆవిడ నవ్వితే ఎదుటివాడు తన పేరు తాను మర్చిపోతాడు. రెండు పక్షాలకీ పనిచేస్తుందని ఫైల్లో ఉంది. చివరికి ఏ పక్షమో ఫైల్లో లేదు.

గురువారమంతా నైన్ రేకులకు రంగు నింపాడు. దారి దొరకలేదు. పక్క టేబుల్ దగ్గర ముసలి టైలరమ్మ కర్టెన్ అంచు మడుస్తూ సణుగుతోంది.

"నీళ్ళు చూడని గుడ్డకి కత్తెర పెట్టకూడదు నాయనా. తడి తగిలిందంటే ముడుచుకుపోతుంది. ఉతికి కుడతానంటే మేడమ్ వద్దంది. రేపు కర్టెన్ పొట్టిదైతే పేరు పోయేది నాదేగా?"

నైన్ బ్రష్ కింద పెట్టాడు.

శుక్రవారం మూడున్నర. షోరూమ్‌లో కర్టెన్ కిందికి దించి, టేబుల్ మీద పరిచి, తడిపి, ఇస్త్రీ పెట్టె ఆవిరి పట్టాడు. కాటన్ కళ్ళముందే దగ్గరకు జరిగింది, దాంతోపాటు చుక్కలూ. ఆవిరి తగిలి చెయ్యి ఎర్రబడింది. చూసి ఊరుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. మేడమ్.

"ఏం చేస్తున్నావ్?"

"ముడతలున్నాయి మేడమ్."

ఆవిడ కర్టెన్ అంచు వైపు చాలాసేపు చూసింది. "చివర్ల దాకా పట్టు. తొందరగా." తలుపు దగ్గరగా వేసి, బయట కాపలా నిలబడింది.

కర్టెన్ మళ్ళీ తగిలించాక, సరిగ్గా నాలుగింటికి బయ్యర్ వచ్చాడు. "ఈ గులాబీలకి ముళ్ళు లేవేం?"

"గోడకి గుచ్చుకుంటాయని," అంది మేడమ్. కోడ్ కుదిరింది.

బయ్యర్ కర్టెన్ లాగాడు. కెమెరా ఎత్తబోయి, కిందికి చూసి ఆగిపోయాడు. కర్టెన్‌కీ నేలకీ మధ్య రెండంగుళాల ఖాళీ.

"పొట్టిగా ఉందే?"

నైన్ వేలు ఇస్త్రీ పెట్టె ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది.

"ఈ సీజన్ ఫ్యాషన్ అదే," అంది మేడమ్, నవ్వుతూ. "మీరు చూడలేదా?"

ఫ్యాషన్ తెలియదని ఒప్పుకునే బయ్యర్ ఇంకా పుట్టలేదు. క్లిక్‌మంది. నైన్ ఇస్త్రీ పెట్టె పిడిలో కెమెరా కూడా అదే ఫోటో తీసింది, ఆ తప్పు అడ్రసులేవో చీఫ్‌కీ తెలియాలిగా.

శనివారం ముఠా ఐదో అడ్రసు తలుపు బద్దలుకొట్టి లోపలికి దూకింది. అది పశువుల ఆసుపత్రి. లోపల రెండు దున్నపోతులు, పదిమంది పోలీసులు.

"పిస్టల్ ఎందుకు వాడలేదు?" అన్నాడు చీఫ్.

"దాంతో ముడతలు పోవు సార్."

ఆఫీసు సీక్రెట్ లైన్లో నైన్ ఒక నంబర్ తిప్పాడు.

"అన్నయ్యా?" అవతలి గొంతు కంగారుపడింది. "ఎవరైనా పోయారా?"

"లేదురా. ఎవరూ పోలేదు."

అప్పుడు మండింది చెయ్యి, ఒకరోజు ఆలస్యంగా, భగ్గుమని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి తెలుస్తున్నందుకు అతనికి సంతోషమేసింది.

"మరెందుకు చేశావు?"

నైన్ కాలిన చెయ్యి ఊదుకున్నాడు.

"కర్టెన్లు కుట్టించేముందు గుడ్డ ఒకసారి ఉతికించరా."