తలుపవతలి అత్తగారు

ఆ ఉదయం కోడలు అప్పటికి మూడోసారి ఇల్లు తుడుస్తోంది. పిల్లల గది గుమ్మంలో తలుపుకి అడ్డంగా చెప్పొకటి పడుంటే విసుక్కుంటూ తీసి బయట పడేసి, తలుపు లాగేసింది. పదింటికి దత్తత ఆఫీసరు ఇల్లు చూడటానికి వస్తుంది. ఆవిడ రాసే రిపోర్టును బట్టే వీళ్ళకి బిడ్డనివ్వడమా మానడమా తేలుతుంది.

ఇంటాయన తాళాలు బాగుచేసే మనిషి. తండ్రి కాబోతున్నానన్న సంబరమంతా ఇంటిమీద చూపించాడు. చక్కెర డబ్బాకి గడియ, చెత్తబుట్టకి గడియ. టీ తాగాలంటే ముందు ఆయన్ని వెతకాలి. పిల్లల గదికైతే దుమ్ము చొరబడకుండా, మూయగానే దానంతటదే పడే తాళం వేశాడు. తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ కూడా కొట్టాడు. తాళంచెవి ఒక్కటే. రెండోది ఉంటే ఎవరైనా పారేస్తారట.

కోడలి దిగులు వేరు. ఏడాది కిందట దత్తత మాట చెప్పినప్పుడు అత్తగారు "మీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పెద్దావిడ మనసులో మాట కూడా అడుగుతామని ఆఫీసులో ముందే చెప్పారు.

ఆఫీసరు పదింటికల్లా వచ్చింది. అత్తగారు మాత్రం ఎక్కడా కనిపించలేదు. కోడలు భర్తని వంటింట్లోకి లాగింది.

"వద్దని నోటితో అనలేక అత్తయ్య వెళ్ళిపోయారు. మీరు ఇల్లంతా గడియలు బిగించారు గానీ, ఒక్కసారి మీ అమ్మని కూర్చోబెట్టి అడిగారా?"

ఆయన చక్కెర డబ్బా గడియ తీసి, మళ్ళీ వేశాడు. "వద్దంటుందేమోనని భయమేసింది" అన్నాడు చివరికి.

అప్పుడే పిల్లల గదిలోంచి దగ్గు వినిపించింది.

అత్తగారు లోపల ఉంది. తాళంచెవి ఆవిడ చేతిలో ఉంది. అది పెట్టే కన్నం బయటివైపు ఉంది. కిందనుంచి తోయమందామంటే రబ్బరు పట్టీ. ఇంటాయన ఇనపతీగ తెచ్చి తన తాళంతో తానే కుస్తీ మొదలుపెట్టాడు. ఆఫీసరు కాసేపు చూసి, కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని, ఈ దత్తత ఆవిడకి ఇష్టమేనా అని తలుపులోంచే అడిగింది.

"ముందు ఇది రాసుకోండి. మూడింటికి ఎండ సరిగ్గా ఉయ్యాల మీద పడుతోంది. వారం నుంచి తలుపుకి చెప్పు అడ్డం పెట్టి, వచ్చి చూస్తున్నాను. ఇవాళ పొద్దున్నే దాన్ని జరుపుదామని వస్తే, ఆ చెప్పు ఎవరో తీసేశారు. పిలుద్దామంటే మొహం చెల్లలేదు."

మరి ఆ ఇష్టం ఇన్నాళ్ళూ చెప్పలేదేమని ఆఫీసరు అడిగింది. లోపల ఉయ్యాల జరిపిన చప్పుడైంది.

"రెండుసార్లు కడుపు నిలవక ఈ పిల్ల ఏడవటం చూశాను. నేనూ ఆశపడి, ఇదీ జరక్కపోతే దాన్ని ఓదార్చేదెవరు? ఒక్కరైనా గట్టిగా ఉండాలని నోరు మూసుకున్నాను. కాస్త తొందరగా బిడ్డని ఇప్పించండమ్మా. నా మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు ఎత్తుకోనిస్తాయో తెలీదు."

కోడలు తలుపుకి నుదురానించి ఏడ్చేసింది. "అత్తయ్యా, ఆ చెప్పు తీసింది నేనే" అంది.

అరగంటకి తాళం ఊడింది. ఉయ్యాల అప్పటికే నీడవైపు గోడకి చేరి ఉంది. అత్తగారు దాన్ని పట్టుకుని ఆయాసపడుతోంది. కోడలు వెళ్ళి ఆవిడ్ని చుట్టేసుకుంది. ఆఫీసరు కళ్ళు తుడుచుకుని రిపోర్టులో రాసింది: "ఇంట్లో ముగ్గురూ సిద్ధం. తాళం తీసేయాలి." అత్తగారు పక్కనే నిలబడి, ఎండ సంగతి కూడా రాయించింది.