ఇంకో చెంచా ఉప్పు

తప్పు మీదే! అవును, ఆ ఇంట్లోని పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి, "చూడు, అక్క ఎంత బాగా వండిందో, నువ్వూ ఉన్నావు ఎందుకూ?" అన్నది ఎవరు? మీరు కాదా? పొయ్యి మీరు రాజేసి, గిన్నె మాడిందని పిల్లను కసురుతారా? ముందు జరిగింది వినండి.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర. వంటింట్లో వెన్న, మైదా, పాలు కలిసి చిక్కగా ఉడుకుతున్న వాసన. గరిటె పట్టుకుని తిప్పుతున్నది పొడుగక్క. గుమ్మానికి ఆనుకుని మూతి తిప్పుతున్నది చిటికె.

చిటికెకు పదేళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. కిందటేడు అమ్మమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ ఆవిడ నాలుక మీది రుచిని కూడా ఎత్తుకుపోయింది. ఉప్పో, పులుపో, కారమో, ఆవిడకు అన్నీ ఒకటే. అయినా వంట మానలేదు. కొలతలు చేతికి గుర్తున్నాయి. కానీ చేతికీ ఒక్కోసారి మతిమరుపు వస్తుంది. అందుకని పొయ్యి ఆపేముందు, "చెయ్యి పట్టు" అని మనవరాలిని పిలిచి, అరచేతిలో రెండు చుక్కలు వేసేది. ఆ పిల్ల నాకి, కళ్ళు మూసుకుని, "ఇంకో చిటికె" అనేది. అమ్మమ్మ ఇంకో చిటికె వేసేది. అంతే, కూర కుదిరిపోయేది.

నాన్న లిఫ్టు మెకానిక్. "మా ఇంటికి నాలుక ఒక్కటే, అది చిటికెది. మాకున్నవి మింగడానికే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చిటికె ఒక అంగుళం పొడుగయ్యేది.

ఆ వైభవమంతా పోయిన నెల వరకే.

పోయిన నెలలో పెద్దమ్మకు నైట్ డ్యూటీలు పడ్డాయి. పెద్దమ్మ నర్సు. రాత్రుళ్ళు కూతుర్ని ఒక్కదాన్నీ వదల్లేక ఇక్కడ దింపి వెళ్ళింది. ఆ కూతురే పొడుగక్క. పన్నెండేళ్ళకే కరెంటు స్తంభంలా ఎదిగింది. వచ్చిన మర్నాడే పాన్‌కేకులు చేసింది. ఆ మర్నాడు ఆమ్లెట్‌లో చీజ్ పెట్టి మడిచింది. ఆపైన గార్లిక్ బ్రెడ్.

ఇంక చూడాలి సంబరం! నాన్న చొక్కా మీద వెన్న కారుతున్నా చూసుకోకుండా, "హోటల్ పెట్టేద్దామే అమ్మలూ!" అన్నాడు. అమ్మ, "చిటికే, అక్కను చూసి నేర్చుకో. నీకు స్టవ్ వెలిగించడం కూడా రాదు" అంది. స్టవ్ ముట్టుకుంటే వీపు విమానం మోత మోగిస్తానన్నది కూడా ఆ అమ్మే!

చిటికెకు కడుపులో మంట మొదలైంది. పాన్‌కేకు తిన్నా ఆరలేదు. గార్లిక్ బ్రెడ్ అందరికంటే రెండు ముక్కలు ఎక్కువే తింది. అయినా ఆరలేదు.

పోనీ, పొడుగక్క చెడ్డదా అంటే కాదు. గొప్పలు పోదు, చాడీలు చెప్పదు. పొద్దున్నే జడ కూడా వేసిపెడుతుంది. అలాంటి మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో! ఒక్క వంక దొరకదు.

ఆ ఆదివారం డ్యూటీ దిగి పెద్దమ్మ వచ్చింది. ముందు గదిలో కునుకు తీస్తోంది. సాయంత్రం ఆరున్నర బస్సుకు మళ్ళీ వెళ్ళిపోవాలి. నెల తర్వాత అమ్మ తన పక్కన కూర్చుని తినబోతోందని పొడుగక్క పొద్దుటి నుంచీ కాలు నిలవకుండా తిరుగుతోంది. అమ్మ కోసం వైట్ సాస్ పాస్తా. పక్కన అమ్మమ్మ చపాతీలు.

"అమ్మమ్మా, అయిపోయినట్టే ఉంది. రుచి చూడనా?"

"నువ్వెలా చూస్తావే? ఇంతసేపూ ఆవిరి పీల్చి నీ నాలుక మొద్దుబారి ఉంటుంది. వండిన నాలుక వేరు, చూసే నాలుక వేరు. చిటికే, చెయ్యి పట్టు!"

చిటికె చెయ్యి పట్టింది. పొడుగక్క రెండు చుక్కల సాసు వేసి, కాలకుండా ఊదింది కూడా. చిటికె నాకింది. కళ్ళు మూసుకుంది.

అబ్బ! ఎంత కమ్మగా ఉందో! ఉప్పు సరిగ్గా సరిపోయింది. మిరియాల ఘాటు ఎంతుండాలో అంతే ఉంది. వేలు పెట్టి చూపించడానికి గోరంత లోపం లేదు.

దాంతో ఒళ్ళు ఇంకా మండింది.

"చప్పగా ఉంది" అంది చిటికె. "ఇంకో చెంచా వెయ్యి."

పొడుగక్క చెయ్యి ఆగింది. "చెంచానా? చిటికె కాదూ?"

"చెంచానే. నిండుగా! ఇంత పాస్తాకి చిటికె ఏ మూలకి?"

రోజూ చిటికెల్లో మాట్లాడే పిల్ల ఆ రోజు చెంచాల్లో మాట్లాడింది. చపాతీ కాలుస్తున్న అమ్మమ్మ తలెత్తి చూసింది. మళ్ళీ పెనం మీది చపాతీ తిప్పింది. పొడుగక్క చెంచా నిండా ఉప్పు తీసి వేసి, కలిపింది.

అందరికంటే ముందు నోట్లో పెట్టుకున్నది నాన్న. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు మొహం పెట్టి, నీళ్ళ గ్లాసు ఎత్తాడు. అమ్మ నములుతూ ఆగిపోయింది.

"సముద్రం నీళ్ళతో ఉడికించారా ఏమిటి?" అన్నాడు నాన్న మెల్లగా.

పెద్దమ్మ మాత్రం ప్లేటు ఖాళీ చేసింది. నాలుగు గ్లాసుల నీళ్ళు తాగింది. "రోజూ నేను రోగులకి సెలైన్ ఎక్కిస్తాను. ఈ పూట నా కూతురు నాకెక్కించింది, అంతేగా! మిగిలింది డబ్బాలో పెట్టు, రాత్రి డ్యూటీలో తింటాను" అంది.

అందరూ నవ్వారు. పొడుగక్క నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చిటికె కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. మరి కడుపులో మంట ఆరలేదెందుకు?

"అమ్మమ్మా, చిటికె చెప్పినట్టే వేశాను" అంది పొడుగక్క సన్నటి గొంతుతో.

ఇప్పుడు అందరూ నా మీద విరుచుకుపడతారు అనుకుంది చిటికె. ఎవరూ పడలేదు. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు.

"చిటికె చెప్పిందా?" అమ్మమ్మ మొహం పాలిపోయింది. "దాని నాలుక తప్పదే! అయ్యో, నాకొచ్చిన జబ్బే దానికీ వచ్చిందా ఏమిటి?"

అంతే. భోజనాలు వదిలేసి అందరూ చిటికె చుట్టూ మూగారు. అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. "నోరు తెరు. ఇంకా. ఆఁ అను" అంది. నాన్న లిఫ్టు గుంతలోకి వేసి చూసే పెద్ద టార్చి తెచ్చి నోట్లోకి వేశాడు. పెద్దమ్మ నుదురు పట్టుకుని చూసింది.

"జ్వరమేమీ లేదే!"

"రుచి పోయిన సంగతి నాకూ ముందు తెలియలేదు కదే" అంది అమ్మమ్మ.

తీర్పు అయిపోయింది. చిటికెకు ఇప్పుడు కషాయం. రాత్రికి జావ. రేపు డాక్టరు. ఇకమీదట ఇంట్లో ఉప్పు చూసేది పొడుగక్క.

ఆ చివరి మాటకు చిటికె గుండె జారిపోయింది. నా నాలుక బాగానే ఉంది అనాలి. అంటే, మరి చెంచా ఎందుకు వెయ్యమన్నావు అంటారు. నాలుక చెడిందనైనా ఒప్పుకోవాలి, చెడ్డపని చేశాననైనా ఒప్పుకోవాలి. మూడో దారి లేదు.

కుక్కిన పేనులా కూర్చుని కషాయం తాగింది. ఎంత చేదో! నాలుక ఎంత బాగా పనిచేస్తోందో ఆ గుక్కతో బాగా తెలిసొచ్చింది.

సాయంత్రం ఐదయింది. చిటికె దుప్పటి ముసుగు పెట్టి పడుకుంది. పొడుగక్క వచ్చి మంచం అంచున కూర్చుంది. చేతిలో చిన్న కప్పు, కప్పులో చక్కెర.

"ఇది తిను. కషాయం చేదు పోతుంది."

చిటికె ముసుగు ఇంకా బిగించుకుంది.

"తప్పు నాదేలే" అంది పొడుగక్క. "చెంచా అనగానే నేనైనా ఆగాల్సింది. కానీ నువ్వు చెప్పావు కదా అని వేసేశాను. మా ఇంట్లో ఇలా అడగడానికి ఎవరుంటారు? అమ్మ డ్యూటీకి వెళ్తే నేనొక్కదాన్నే. ఒక రోజు ఆమ్లెట్, ఒక రోజు పాస్తా, మళ్ళీ ఆమ్లెట్. బాగుందో లేదో గోడని అడగాలి. ఇక్కడ అమ్మమ్మ చెయ్యి పట్టమని నిన్ను పిలుస్తుంటే, నాకు ఎంత కుళ్ళొచ్చేదో తెలుసా?"

ముసుగులో చిటికె కళ్ళు ఇంతింతలయ్యాయి. కుళ్ళా? నన్ను చూసా?

పొడుగక్క కప్పు అక్కడే పెట్టి, తన అమ్మ బ్యాగు సర్దడానికి వెళ్ళిపోయింది. ఇంతలో వంటింట్లోంచి టమాటా పప్పు వాసన వచ్చింది. వెంటనే అమ్మమ్మ గొంతు, "చిటికే, చెయ్యి ప..." అని ఆగిపోయింది.

కాసేపటికి అదే గొంతు మెల్లగా అమ్మతో అంటోంది. "నా వల్లేనే. రోజూ నా పళ్ళెంలోంచే దానికి ముద్దలు పెడుతున్నాను. నేనే అంటించాను. రేపటి నుంచి నా చేత్తో పెట్టను."

చిటికె దుప్పటి తన్నేసి లేచింది. వంటింట్లోకి వెళ్ళి, అమ్మమ్మ ముందు అరచెయ్యి చాపింది.

"వెయ్యి."

"నీకు తెలియదు కదమ్మా."

"వెయ్యి అమ్మమ్మా!"

అమ్మమ్మ రెండు చుక్కలు వేసింది. చిటికె నాకింది.

"ఉప్పు అసలు వెయ్యలేదు. మర్చిపోయావు. టమాటాలు పుల్లవి. పచ్చిమిరపకాయలు తక్కువ వేశావు."

అమ్మమ్మ ఉప్పు డబ్బా వైపు చూసింది. డబ్బా మూత తీయనే లేదు. "మరి... మరి మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం కూడా నాలుక బాగానే ఉంది." చిటికె చాచిన చెయ్యి దించేసింది. "పాస్తా చాలా బాగుంది. అందుకే చప్పగా ఉందన్నాను. అబద్ధం చెప్పాను. అందరూ అక్కనే పొగుడుతున్నారని."

గుమ్మంలో బ్యాగు పట్టుకుని పొడుగక్క నిలబడి ఉంది. వెనకే నాన్న, పెద్దమ్మ. అంతా విన్నారు.

"కావాలని చేశావా?" అంది పొడుగక్క. "మా అమ్మ తినే దాంట్లోనా?" ఆ గొంతులో ఏడుపు లేదు. నిప్పులున్నాయి.

చిటికె తల దించుకుంది. "అవును."

అమ్మ చెయ్యి ఎత్తబోయింది. అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగవే. ముందు నన్ను ఊపిరి పీల్చుకోనీ. దానికి జబ్బు లేదు, అది చాలు నాకు. రోజూ అక్కను చూసి నేర్చుకో, అక్కను చూసి నేర్చుకో అని రాజేసింది మనమే కదా!"

గోడ గడియారంలో ఐదు నలభై. బల్ల మీద పెద్దమ్మ డబ్బా. డబ్బా నిండా ఉప్పు పాస్తా.

చిటికె కళ్ళు తుడుచుకుంది. డబ్బా మూత లాగి, పాస్తా మొత్తం పెద్ద గిన్నెలో బోర్లించింది.

"అక్కా, ఇంకో ప్యాకెట్ ఉడికించు. ఉప్పు వెయ్యకు, ఒక్క పలుకు కూడా వెయ్యకు. సాసు కూడా ఉప్పు లేకుండా చెయ్యి. ఇందులో కలిపేస్తే రెండూ సరిపోతాయి."

పొడుగక్క కదల్లేదు. "నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ. రాత్రంతా తిట్టు, పడతాను. ముందు నీళ్ళు పెట్టు! అమ్మా, నువ్వు మా ఇద్దర్నీ కొలవడం మానేసి పాలు కొలువు. రెండు గ్లాసులు!"

అమ్మ గ్లాసు అందుకుని పాలు కొలిచింది.

నీళ్ళు మరిగాయి. పాస్తా ఉడికింది. సాసు చిక్కబడింది. పాతదీ కొత్తదీ కలిసిపోయాయి. ఆరు ఇరవైకి పొడుగక్క గరిటె ఎత్తింది. కాసేపు చిటికె మొహంలోకి చూసింది.

"చెయ్యి పట్టు" అంది చివరికి. ఈసారి ఊదలేదు.

వేడికి చెయ్యి చుర్రుమంది. చిటికె వెనక్కి తీసుకోలేదు. నాకింది. కళ్ళు మూసుకుంది.

"ఉప్పు సరిపోయింది. మిరియాల పొడి ఒక్క చిటికె. ఆఁ, చాలు!" కళ్ళు తెరిచి, అందరికీ వినపడేలా అంది. "చాలా బాగుంది అక్కా. మధ్యాహ్నం నువ్వు చేసింది కూడా ఇంత బాగుంది. నేను చెయ్యి పెట్టకముందు."

పొడుగక్క గరిటెలో మిగిలింది చిటికె చేతిలోనే వేసింది.

"ఇంకా చూస్తూ నిలబడతారేం?" అని అరిచింది చిటికె నోటినిండా పాస్తాతో. "నాన్నా, మూత పెట్టు! పెద్దమ్మా, చెప్పులు వేసుకో! బస్సుకి ఏడు నిమిషాలే ఉన్నాయి. పరిగెత్తండి!"