రెక్క విప్పకముందు

ఏజెంట్ బిరంచి గురి పెడితే తప్పడమన్నది లేదు. ఈ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఎందుకంటే బిరంచే స్వయంగా ఒక్కొక్కరి టేబుల్ దగ్గరికీ వెళ్ళి చెప్పాడు.

ఆ రోజు పొద్దున చిలికా సరస్సులో, కేలూ మౌసా పడవలో కూర్చుని, ఎగిరే బాతులకు లెక్కలేనన్ని ఫొటోలు తీశాడు. తీరా తెర మీద చూసుకుంటే ఆకాశం వచ్చింది. ఇంకొంచెం ఆకాశం వచ్చింది. ఒక తోక వచ్చింది, అదీ కొంగది. ఒక ఫొటోలో మాత్రం మౌసా చెవి, వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత బ్రహ్మాండంగా పడింది.

"నా చెవిని మీ కేలండర్‌లో ఏ నెలకి వేస్తార్రా?" అన్నాడు మౌసా.

"డిసెంబరుకి. మఫ్లర్ చుట్టి."

టూరిజం కేలండర్ ఫొటోగ్రాఫర్ అన్నది బిరంచి మారువేషం. మౌసా అతని పిన్ని భర్త. అమ్మానాన్నలు పోయాక పెంచింది ఆయనే. ఒకప్పుడు ఆ తీరంలో బాతుల వేటగాడు. ఊళ్ళో వేటగాళ్ళందరితో పాటు సరస్సు దేవత కాళీజాయి తల్లి ముందు ప్రమాణం చేసి, ఇక పక్షిని చంపనని వల వదిలేశాడు. ఇప్పుడు పక్షుల్ని చూడ్డానికొచ్చే వాళ్ళకి పడవ నడుపుతున్నాడు.

ఈ మిషన్ భువనేశ్వర్‌లో కర్నల్ శతపథి గదిలో మొదలైంది.

"శత్రువు ఎవరు సార్?"

"బాతు."

"సార్?"

"నవ్వకు. విదేశీ ముఠా ఒకటి అడవిబాతు వీపుకి అగ్గిపెట్టెంత యంత్రం కట్టింది. చలికాలమంతా అది మన క్షిపణి కేంద్రం మీద ఎగిరి సిగ్నల్స్ పోగు చేసుకుంది. ఇప్పుడు హిమాలయాలు దాటి ఇంటికి పోతుంది. అక్కడ వాళ్ళు పట్టుకుంటారు. దారిలో పాస్‌పోర్టు అడిగేవాడు కూడా లేడు."

"కాల్చేస్తే?"

"దేన్ని? వేలున్నాయి. యంత్రం ఈకల్లో దాగుంది. కాలికి నంబరున్న కడియం ఉంది. ఆ నంబరు పంపు, ఇక్కణ్ణుంచే యంత్రాన్ని చంపేస్తాం. సరస్సు దాటిందా, మన టవర్‌కి అందదు."

ముఠాలో చేరిన మన గూఢచారి మదాలస అక్కడే కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, సంబల్‌పురి పట్టుచీర. ఆమె సెంటు వాసనకి ఫైళ్ళు కూడా తలెత్తి చూస్తున్నాయి. "పదిహేనో తారీఖున లేస్తుంది. ముందే వెళ్ళి బెదరగొట్టకండి," అంది మెత్తగా.

కర్నల్ అరచేతిలో పట్టే మిర్రర్‌లెస్ కెమెరా ఇచ్చాడు.

"ఇంత బుడ్డదా సార్?"

"ఫిరంగిలాంటి లెన్స్ మోస్తే ఊరంతా వెంటపడుతుంది. దీని సెన్సార్ చిన్నది, అందుకే చిన్న లెన్స్‌తోనే దూరంలోది ముక్కు దగ్గరికొస్తుంది. వెలుగు తగ్గిందంటే మాత్రం బొమ్మ మీద ఇసుక చల్లినట్టుంటుంది. ఇంకో మాట. ఎగిరాక బాతు కాళ్ళు ముడిచేస్తుంది. కడియం కనపడేది లేచే క్షణంలోనే. మనిషి వేలు ఎప్పుడూ ఆలస్యమే. బటన్ సగం నొక్కి ఉంచు. పూర్తిగా నొక్కినప్పుడు, అంతకుముందు క్షణాన్ని కూడా కెమెరా నీకిస్తుంది."

అందుకే బిరంచి పదిహేనుకి చాలా ముందే వచ్చాడు. గురి తప్పని ఏజెంట్‌కి ప్రాక్టీసు కావాలని ఎవరితో చెప్పుకుంటాడు?

ఆ పొద్దున పడవలోనే మౌసా పఖాళ, అంటే నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం, వేయించిన ఎండుచేప పెట్టాడు. "గాలి నీ వీపుకి కొట్టేలా పడవ ఆపాను. బాతు గాలికి ఎదురు లేస్తుంది, నీ మొహం మీదికే వస్తుంది. నేను ఆ రెల్లు వెనకనుంచి లేపుతా. కదలకు," అని మోకాలి లోతు నీళ్ళలో దిగి వెళ్ళాడు.

బిరంచి బటన్ సగం నొక్కి కాచుకున్నాడు. వేలు తిమ్మిరెక్కింది. ఒక్కసారిగా రెల్లు చీలింది. తల మీద నల్లచారలున్న బాతొకటి నీళ్ళు చిమ్ముతూ లేచింది, దాని వెనకే గుంపంతా లేచింది. అతను నొక్కాడు. మామూలుగానే ఆలస్యంగా నొక్కాడు.

తెర మీద ఫొటోలు వెనక్కి జరిపాడు. ముడిచిన కాళ్ళు. ఇంకా వెనక్కి. వేలాడే కాళ్ళు, కుడికాలికి కడియం, నంబరు స్పష్టంగా. ఈకల సందున నల్లటి యంత్రం. ఇంకా వెనక్కి జరిపాడు.

బాతు ఇంకా ఎగరలేదు. రెండు చేతుల్లో ఉంది. చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్న ఆ చేతుల పైన, రెల్లు సందున మౌసా మొహం.

"పడిందా?" అంటూ మౌసా నీళ్ళలో నడిచొచ్చాడు. తెర చూసి మురిసిపోయాడు. "అబ్బ! ఇది నీ కేలండర్‌లో పడాలనే ఇటు వదిలానురా."

"యంత్రం ఎవరు కట్టారు?"

"మదాలసా మేడమ్. పరిశోధనట. నిన్న మళ్ళీ పట్టించి బ్యాటరీ మార్చింది. ఇవాళ వదలమంది."

"తల్లి ముందు ప్రమాణం చేశావు కదా మౌసా!"

"చంపనన్నాను. చంపలేదు." మౌసా గొంతు తగ్గింది. "వయసంతా చంపుతూనే ఉన్నానురా. ఒక్కదాని ఇల్లెక్కడో తెలీదు. ఇది పోతుంటే ఫోన్‌లో చుక్కలా కనపడుతుందంది. ఒక్కటైనా ఇల్లు చేరడం చూద్దామని..."

బిరంచి అప్పటికే ఫోన్ తీశాడు. "సార్, కొంగకి ముల్లు దొరికింది," అని కోడ్ మాట చెప్పాడు.

"పదిహేనున కదా ముల్లు?"

"మదాలస మన మనిషి కాదు సార్. బాతు గాల్లో ఉంది. నంబరు రాసుకోండి."

బిరంచి అసలు ఎవరో మౌసాకి అర్థమైంది. ఆయన కోప్పడలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాడు. "చుక్క ఆగిపోతుందా బిరూ?"

"లేదు మౌసా. అందులో రాసుకున్నది ఒక్కటే పోతుంది. చుక్క మా ఆఫీసులో కనపడుతుంది. రోజూ నీకు చెప్తా."

అతను చివరి అంకె చెప్పేసరికి గుంపు అవతలి కొండ అంచుకి చేరింది. ఫోన్‌లో కీబోర్డు టకటకలు. తర్వాత కర్నల్ గొంతు: "యంత్రం చచ్చింది. ఇంకొక్క రెక్క ఆడించుంటే అందేది కాదు."

రెస్ట్‌హౌస్‌లో పీతల కూర తింటున్న మదాలసను, చెయ్యి కడుక్కోనిచ్చి మరీ పట్టుకున్నారు. వీపు మీద గుట్టు చెరిగిపోయిన బాతు మాత్రం ఉత్తరానికి వెళ్ళిపోయింది.

"కడియం ఫొటోకి ముందు పడ్డవేవి?" అని కర్నల్ అడిగాడు.

"అంతా గడ్డే పడింది సార్. తీసేశా."

"నమ్ముతాను. నీకు గడ్డి బాగా పడుతుంది."

ఆ తర్వాత రోజూ సాయంత్రం మౌసా ఫోన్ చేసేవాడు. రోజూ బిరంచి చెప్పేవాడు. గయ దాటింది మౌసా. నేపాల్‌లో గోధుమచేలో దిగింది. మంచుకొండ ఎక్కుతోంది. మౌసా అవతల ఊపిరి బిగబట్టి వినేవాడు. ఒక రోజు కొండ మీద గాలివాన అని చెప్తే, ఆయన ఆ పూట అన్నం తినలేదట.

చివరికి బిరంచి ఆ బాతుని ఇల్లు చేర్చాడు. "పెద్ద సరస్సు మౌసా, మన చిలికా లాంటిదే. గూడు కట్టింది. గుడ్లు కూడా పెట్టింది."

"ఎన్ని?"

"నాలుగు."

"అది మగదిరా బిరూ," అన్నాడు మౌసా.

బిరంచి కుర్చీలోంచి లేచాడు. "చుక్కని నేనే ఆర్పించేశాను మౌసా. ఆ రోజే. ఎక్కడుందో, అసలు ఉందో లేదో, నాకు తెలీదు."

శత్రువులు గోళ్ళు పీకినా నోరు విప్పకుండా శిక్షణ పొందిన ఏజెంట్, గుడ్లు ఎన్నని అడిగినందుకే మొత్తం కక్కేశాడు.