మెత్తటి పాత గౌను

“మీ నాయనమ్మలు మీ అంత పిల్లలుగా ఉన్నప్పుడు లేనిది, ఇప్పుడు మీ ఇళ్ళలో ఉన్నది ఒకటి చెప్పండి,” అన్నారు తిరుపతిరావు మాస్టారు.

జగ్గయ్యపేటలో ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. పిల్లల మనసులన్నీ అప్పటికే ఇళ్ళకు చేరిపోయాయి. అయినా చేతులు లేచాయి.

“రేడియో సార్!”

“ఫ్లాస్కు!”

“నా నిక్కరుకి జిప్పు సార్!” అన్నాడు భవానీప్రసాద్. క్లాసంతా గొల్లుమంది.

కస్తూరి తన టిఫిన్ డబ్బా ఎత్తి చూపించింది. “స్టీలు సార్!”

“భేష్! మరక పట్టని ఉక్కు. ఇంచుమించు మీ నాయనమ్మల వయసే దానికీ. అదొచ్చాక చింతపండు పెట్టి తోమే చాకిరీ తప్పింది.”

బాలామణి తన ఇత్తడి డబ్బాను మెల్లగా సంచిలోకి తోసేసింది. కస్తూరి చూడనే చూసింది. “దాచుకోవే! మ్యూజియం వాళ్ళు చూస్తే ఎత్తుకుపోతారు,” అంది.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ సీతారావమ్మ వెనక గదిలో కునుకు తీస్తోంది. పురిటికి పుట్టింటికొచ్చిన శ్యామలత్తను అమ్మ ఆస్పత్రిలో చూపించడానికి తీసుకెళ్ళింది. బాలామణి బడి బట్టలు విప్పి, నీలం పువ్వుల గౌను తొడుక్కుంది. అది వెలిసిపోయింది, పొట్టిదైపోయింది. అయినా ఇల్లు చేరితే ఆమెకు అదే కావాలి.

“పాతబట్టలకు స్టీలు సామాన్లేయ్!”

వీధిలో గంప దించింది బసవమ్మ. గంపలో మూతకు పిడి ఉన్న టిఫిన్ డబ్బా తళతళలాడుతోంది. బాలామణి మొహం అందులో కనిపించింది.

బీరువా అడుగున తెల్లటి మూట ఒకటి ఉందని ఆమెకు తెలుసు. విప్పి చూస్తే అన్నీ నాయనమ్మ నేతచీరలే. రంగు పోయి, దారాలు తేలిపోయి ఉన్నాయి. ‘వీటిని ఇంకెవరు కడతారు?’ అనుకుని, మూట వీధిలోకి తెచ్చింది.

“ఇంట్లో చెప్పావా పాపా?” అంది బసవమ్మ.

“ఆ... చెప్పా.”

“ఆ గౌను కూడా వెయ్యి, గ్లాసిస్తా. అదీ పాతదేగా!”

“అమ్మో, ఇది ఇవ్వను. మెత్తగా ఉంటుంది,” అంది బాలామణి, గౌను అంచు రెండు చేతులా పట్టుకుని.

బసవమ్మ నవ్వుకుంటూ మూట తీసుకుని, డబ్బా ఇచ్చి వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ ఒక్కతే రిక్షా దిగింది. “అత్తయ్యా! శ్యామలకి నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రిలో ఉంచేశారు. ఆ మూట ఇవ్వండి, వెళ్ళాలి,” అంది నాయనమ్మతో.

నాయనమ్మ బీరువా తెరిచింది. పై అర చూసింది, కింది అర చూసింది. మళ్ళీ పై అర చూసింది.

“ఇక్కడే పెట్టానే! పొత్తిగుడ్డల కోసమని ఎన్నాళ్ళ నుంచో ఉతికి దాచాను.”

“బజార్లో కొత్తగుడ్డ కొందాంలెండి.”

“కొత్తగుడ్డ గంజితో పెళపెళలాడుతుంది. అప్పుడే పుట్టిన ఒళ్ళు గీసుకుపోదూ? బాలామణి పుట్టినప్పుడూ నా పాత చీరల్లోనేగా చుట్టాం!”

బాలామణి చెయ్యి దానంతటదే గౌను మీదికి వెళ్ళింది.

“నాయనమ్మా... నేనే ఇచ్చేసా. స్టీలు డబ్బాకి.”

అమ్మ నోరు తెరవబోయింది. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వెళ్ళమ్మా, అక్కడ పిల్ల ఒంటరిగా ఉంది. ఆ సామాన్లావిడ ఎటు పోయిందే బాలా?”

“బస్టాండు వైపు.”

“ఆ డబ్బా పట్టుకుని పద.”

బాలామణి ముందు పరుగెత్తింది, వెనకాల ఆయాసపడుతూ నాయనమ్మ. నందిగామ బస్సు ఇంకా రాలేదు. బసవమ్మ గంప పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది.

“బేరం అయ్యాక వాపసు లేదు పాపా,” అంది డబ్బా చూడగానే.

“మా అత్త ఆస్పత్రిలో ఉంది. అవి పొత్తిగుడ్డలకట. నాకు తెలీదు.”

బసవమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. “ఇంట్లో చెప్పానన్నావుగా?”

“అబద్ధం చెప్పా,” అంది బాలామణి తల దించుకుని.

“ఎంత పని చేశావు తల్లీ! పురిటి గుడ్డలు నేనెందుకు ఉంచుకుంటాను?” అంటూ బసవమ్మ గబగబా మూట విప్పింది. “ఒక చీర మాత్రం లేదు. ఇందాక వెళ్ళిపోయిన బస్సు డ్రైవరు అద్దం తుడుచుకోవాలని అడిగితే ఇచ్చేశాను.”

బాలామణి డబ్బాను తనే గంపలో పెట్టేసింది. మళ్ళీ దానివైపు చూడలేదు.

“ఒకటి తగ్గినా సర్దుకుందాంలే,” అంది నాయనమ్మ దారిలో. “స్టీలు మంచిదేనే పిచ్చిదానా! నాకు మాత్రం తోముడు తప్పితే చేదా? అడిగితే మీ నాన్నతో చెప్పి కొనిపించేదాన్నిగా.”

బాలామణి ఇంటికి రాగానే గౌను మార్చుకుని, పంపు దగ్గర కూర్చుంది. పువ్వుల గౌనుకు సబ్బు రుద్ది, జాడించి, మళ్ళీ జాడించి దండెం మీద ఆరేసింది.

తెల్లారేసరికి శ్యామలత్తకు ఆడపిల్ల పుట్టింది.

ఆస్పత్రిలో నాయనమ్మ చీర పీలికలు ఒక్కొక్కటే మడతపెడుతోంది. బాలామణి తన సంచిలోంచి మడత ఒకటి తీసి వాటి మీద పెట్టింది.

శ్యామలత్త విప్పి చూసింది. నీలం పువ్వులు! గుండీలు ఒక్కటీ లేవు. గుచ్చుకుంటాయని బాలామణి పొద్దున్నే అన్నీ ఊడదీసింది.

“ఇది నీ గౌను కదే! పోయినేడు నేను మసిగుడ్డ చేస్తానంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చావుగా?”

“ఇప్పుడు పాపకి అత్తా,” అంది బాలామణి. “చెంప ఆనించి చూడు. ఎంత మెత్తగా ఉంటుందో!”

నాయనమ్మ చీర పీలిక పక్కన పెట్టి, పాపను ఆ గౌనులో చుట్టింది.